మొలలకు బ్యాండ్ వేయించుకున్నాను: కె.ఆర్.పురం క్లినిక్‌లో నా అనుభవం

మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో పదకొండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. రోజుకు పది గంటలు మిషను ముందే కూర్చోవాలి. బాత్రూముకు వెళ్తే రక్తం పడుతోందని రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఊళ్లో గోడ మీద "మొలలు, లూటీ, భగందరం" అని రాసి ఉన్న చోటికి మా ఆడపడుచు రమ్మంది. భయమేసి వెళ్లలేదు. ఇక్కడ ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్తే, సరిగా చూడకుండానే లేజర్ ఆపరేషన్‌కి 65 వేలు అన్నారు.

చివరికి స్టేషన్ దగ్గరున్న చిన్న క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరమ్మ తెలుగులోనే మాట్లాడింది. నాకు 47 ఏళ్లు కదా, ముందు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా ఉన్న గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకు రమ్మంది. రక్తం పడగానే మొలలే అనుకోకూడదట, పేగులో ఇంకేమైనా ఉందేమో చూడాలట. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. ఏమీ లేదని తేలింది. లోపలి మొలలు, రెండో దశ. అంటే ముక్కితే బయటికొచ్చి వాటంతటవే లోపలికి పోయే రకం.

ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకోమన్నారు. గొట్టం పెట్టి, మొల మొదట్లో చిన్న రబ్బరు రింగు తొడిగారు. గుండీ కుట్టాక కింద దారం చుట్టి బిగిస్తాం చూడండి, అచ్చం అలా. రక్తం అందక అది ఎండి రాలిపోతుంది. లోపల అంత పైన నొప్పి తెలిసే నరాలు ఉండవు కాబట్టి మత్తు అక్కర్లేదు. బయటి మొలలకు మాత్రం ఇది పనికిరాదు. పది నిమిషాల్లో రెండు బ్యాండ్లు, 7 వేలు. ఆస్పత్రిలో చేరకుండా ఓపీలోనే చేశారు కాబట్టి నా ఆరోగ్య బీమా పాలసీలో డబ్బు రాలేదు.

నొప్పి లేదంటే అబద్ధమవుతుంది. ఆ రాత్రంతా బాత్రూముకు వెళ్లాలనిపిస్తూ, కింద బరువుగా లాగుతూ ఉంది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చుంటే తగ్గింది. రెండు రోజులు షాపు మూసేశాను. ఏడో రోజు బ్యాండ్ ఊడి కాస్త రక్తం పడింది. ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, రక్తం ధారగా పోయినా వెంటనే రావాలని కాగితం మీద రాసిచ్చారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. రాత్రిపూట ఇసబ్‌గోల్, మిషను పక్కన రెండు లీటర్ల నీళ్ల సీసా ఇప్పటికీ మానలేదు.

ఒక్కటే బాధ. వెయిటింగ్ హాల్లో అంతమంది మగవాళ్ల మధ్య "పైల్స్ వాళ్లు రండి" అని గట్టిగా పిలిచారు. నా పక్కనున్న అమ్మాయి తల వంచుకుని లేచి బయటికి వెళ్లిపోయింది, తిరిగి రాలేదు. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఐదు వారాల తర్వాత రెండో విడతకు వెళ్తే, టోకెన్ నంబరుతో పిలుస్తున్నారు.