క్లోరిన్ సగటు ద్రవ్యరాశి: ఏ లెక్క మేలు?

ఇసకపల్లి ఉప్పు మడిలో గుప్పెడు ఉప్పు తీసినా అందులో బరువులో తేడా ఉన్న రెండు రకాల క్లోరిన్ పరమాణువులు (ఐసోటోపులు) ఉంటాయి. 34.969 ద్రవ్యరాశి ఉన్నది 75.76 శాతం, 36.966 ఉన్నది 24.24 శాతం. రెండూ కూడి సగం చేస్తే 35.97 వస్తుంది. అది తప్పు, వాటాలు సమానం కావు కదా!

పుస్తకం పద్ధతిలో ఒక్కోదాన్ని దాని వాటాతో గుణించి కూడాలి: 26.49, 8.96, మొత్తం 35.45.

కావలిలో ఇంటర్ పిల్లలకు నేను ముందు చెప్పేది రెండో దారి. తేలికదాన్ని అలాగే ఉంచి, తేడా 1.997లో 24.24 శాతం, అంటే 0.484 కలపడమే. వచ్చేది 35.453. గుణకారం ఒక్కటే, టెన్షన్ తక్కువ. పైగా జవాబు 35 వైపే ఎందుకు మొగ్గిందో కళ్లకు కడుతుంది.

మూడు ఐసోటోపులున్న మెగ్నీషియానికి మాత్రం పుస్తకం పద్ధతే గజిబిజి లేకుండా సాగుతుంది.