బావో ఆడాలంటే జాంజిబార్‌లో ఎక్కడ దిగాలి?

బావో అంటే మన వామనగుంటల్లా గుంటల బల్ల మీద గింజలతో ఆడే ఆట. జాంజిబార్ టాంజానియా దీవి, దారెస్సలాం నుంచి ఫెర్రీలో రెండు గంటల ప్రయాణం. మొదటి రెండు రాత్రులు ఉత్తరాన నుంగ్వీలో దిగడం మా పొరపాటు. సముద్రానికి వంక పెట్టలేం గానీ, రిసార్టులో బావో బల్ల అడిగితే రిసెప్షన్‌లో అలంకారానికి పెట్టింది చూపించారు. గింజలేవీ అంటే నవ్వారు.

మూడోరోజు పాత ఊరు స్టోన్‌టౌన్‌కి మారాం. సందులోకి కారు రాదు, సూట్‌కేసులు మోసుకోవాలి, గది ఇరుకు, ఫ్యాను మోత. అయినా నా ఓటు దీనికే. సాయంత్రం నాలుగడుగులు వేస్తే జాస్ కార్నర్ అనే చిన్న కూడలి. చిన్న కప్పుల్లో చక్కెర లేని చిక్కటి కాఫీ, అరుగుల మీద పెద్దాయనలు, మధ్యలో బావో.

వామనగుంటలు ఆడి పెరిగినదాన్ని, ఇదెంతలే అనుకుని కూర్చున్నా. ఇక్కడ నాలుగు వరసలు, వరసకి 8 గుంటలు. గింజలు 64, మనిషికి 32. మన వైపున్న రెండు వరసల్లోనే పంచుకుంటూ తిరగాలి, అవతలివాళ్ల గుంటల్లో వేయకూడదు. న్యుంబా, అంటే ఇల్లు, అనే చదరపు గుంటలో 6, దాని పక్క రెండింటిలో రెండేసి పెట్టి, మిగతా 22 చేతిలో ఉంచుకుంటారు. వంతుకొకటి దించుతూ ఎదుటి గుంటలోవి పట్టుకోవాలి. పట్టినవి మనలా ఒళ్లో వేసుకోవడం కుదరదు, మన వైపే చివరి గుంట నుంచి పంచాలి. ఈ దశ పేరు నామువా. చేతిలోవి అయిపోతే మొదలయ్యే రెండో దశ మ్తాజీ.

నా వెనక వరస గింజలతో నిండుగా ఉంది. గెలుస్తున్నాననే అనుకున్నా. ఎదుటి పెద్దాయన ఒక్క ఎత్తులో నా ముందు వరసలో గింజలు మిగిలిన రెండు గుంటలూ ఊడ్చేసి చేతులు దులుపుకున్నాడు. ముందు వరస ఖాళీ అయితే ఆట అయిపోయినట్టేనట! పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన ముందే చెప్పి ఉండొచ్చు, సరే.

బల్ల కొనేవాళ్లు దుకాణం మాట నమ్మకుండా గుంటలు లెక్కపెట్టుకోండి. మాకు మొదట చూపించినదానికి రెండే వరసలు. చదరపు గుంటలు కూడా రెండు వైపులా ఉన్నాయో లేదో చూడండి. గింజలకి విడిగా డబ్బు అడిగితే వదిలేయండి. వాళ్లు కొమ్వే అనేవి మన గచ్చకాయలే, అమ్మమ్మ ఊళ్లో కంచె నిండా ఉన్నాయి.