కాశిబుగ్గలో చుట్టించిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, నా వాల్వు గిటార్ ఆంప్

ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో, కాశిబుగ్గలో ఒక సందు లోపల ఉందీ వైండింగ్ షాపు. బోర్డు లేదు. ముందర విప్పి పెట్టిన బోరు మోటార్లు, లోపల మేకులకు వేలాడే రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన. నడిపే పెద్దాయనను అందరూ కాకా అంటారు. ఆయన దగ్గర గిటార్ ఆంప్లిఫైయర్ కోసం రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించుకున్నాను. ఒకటి కరెంటు వైపుది, ఇంకొకటి స్పీకర్ వైపుది. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. వరంగల్, కరీంనగర్ వైపు వాల్వు ఆంప్ సొంతంగా కట్టుకోవాలని చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాల్వు అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో ఉండే గాజు గొట్టం. ఇలాంటి షాపు మన ఊళ్లోనే ఉందని చెప్పేవాళ్లు లేక నాకు ఒక ఏడాది వృథాగా పోయింది.

నేను కాజీపేట లోకో షెడ్‌లో టెక్నీషియన్‌ని. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. ఉన్నది ఒక్క గిటార్, స్క్వయర్ టెలికాస్టర్. మా నాన్న వాల్వు రేడియో పాడైపోతే అందులోంచి తీసి దాచిన ఈఎల్84 వాల్వు ఒకటి ఇంట్లో ఉండేది, గాజు మీద బీఈఎల్ ముద్రతో. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు ఈ వాల్వులు తయారు చేసేవారు. దాన్ని మళ్లీ వెలిగించాలన్నదే నా కోరిక. ముందర గిటార్ సిగ్నల్‌ను పెంచే 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు, వెనుక స్పీకర్‌ను నడిపే ఆ ఈఎల్84. అంతే ఆంప్. ఫెండర్ వాళ్ల పాత చాంప్ ఆంప్ కూడా దాదాపు ఇదే పద్ధతి, కాకపోతే అందులో 6వీ6 వాల్వు ఉంటుంది. శక్తి 5 వాట్లే, కానీ ఇంట్లో ఆ 5 వాట్లే ఎక్కువ.

రెసిస్టర్లు, కెపాసిటర్లు, వాల్వు బేసులు హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరే ఆగిపోయాను. గిటార్ ఆంప్‌ల సర్క్యూట్లు ఎక్కువగా అమెరికావి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కరీంనగర్‌లో ఉన్న నా స్నేహితుడు విదేశం నుంచి ఒకటి తెప్పించాడు. 240 వోల్టుల ట్యాపింగ్ (చుట్టు మధ్యలోంచి బయటికి తీసిన తీగ) ఉంది కదా అనుకున్నాడు, కానీ లోపలి ఇనుమును 60 హెర్ట్జ్‌కే లెక్కగట్టి పెట్టారు. అదే వోల్టేజీ దగ్గర ఫ్రీక్వెన్సీ 60 నుంచి 50కి తగ్గితే ఇనుములో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. అరగంటకే చేయి పెట్టలేనంత వేడెక్కింది. కస్టమ్స్‌తో కలిపి దానికి పెట్టిన డబ్బుతో కాకా దగ్గర మూడు జతలు చుట్టించుకోవచ్చు.

మొదటిసారి షాపుకు పోయినప్పుడు కాకా కింద కూర్చుని ఒక సబ్‌మెర్సిబుల్ మోటారుకు కాయిల్ దించుతున్నారు. విషయం చెప్పాను.

"గిటారుకు వాల్వెందుకు బిడ్డా, ఐసీ బోర్డు పెడితే అయిపాయె గదా" అన్నారు.

సర్క్యూట్ గీసిన కాగితం చేతికిచ్చాను. ఈఎల్84 అన్న చోట వేలు పెట్టి ఆగారు. "ఇది రేడియో అవుట్‌పుటే గదా. ఐదు వేల ఓమ్స్ పడతది. గ్యాప్ పెట్టాలె" అన్నారు. గ్యాప్ మాట నేనింకా ఎత్తనే లేదు. చిన్నప్పుడు వరంగల్ చౌరస్తా దగ్గర రేడియో రిపేర్ షాపులో పని నేర్చుకున్నారట. ఆ ఒక్క మాటతో నాకు టెన్షన్ పోయింది.

ఈ గ్యాప్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, షాపు మంచిదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో 'ఈ' (E) ఆకారపు స్టాంపింగులు, అంటే పలుచని ఇనుప రేకులు, 'ఐ' (I) ఆకారపువి ఒకటి అటు ఒకటి ఇటు మార్చి మార్చి పేరుస్తారు. ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉన్న ఆంప్‌లో ఆ పద్ధతి పనికిరాదు. వాల్వు తాగే కరెంటు, నా ఆంప్‌లో 40 మిల్లీ ఆంపియర్ల పైనే, ఎప్పుడూ ఒకే దిక్కున ప్రైమరీ (వాల్వు వైపు చుట్టు) గుండా పోతూ ఉంటుంది. దానికే ఇనుము నిండిపోతే పాట మోయడానికి చోటుండదు. మంద్ర స్వరాలు ముందు చస్తాయి. అందుకే 'ఈ'లన్నీ ఒక పక్క, 'ఐ'లన్నీ ఇంకో పక్క పెట్టి మధ్యలో పలుచని కాగితం వేయాలి. కాకా నా కళ్ల ముందే లెదరాయిడ్ పేపర్ ముక్క కత్తిరించి పెట్టారు. ఇది అడగకుండానే చేసేవాళ్లు ఈ రోజుల్లో అరుదు. అంతకుముందు నేను వెళ్లిన వేరే చోట గ్యాప్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మోగుతుందని వాదించి పంపించారు.

చుట్ల లెక్క నేనే తీసుకెళ్లాను. వాల్వుకు 5,200 ఓమ్‌లు కనిపించాలి, స్పీకర్ 8 ఓమ్‌లు. భాగిస్తే 650, దాని వర్గమూలం ఇరవై అయిదున్నర, అదే చుట్ల నిష్పత్తి. ప్రైమరీ 2,550 చుట్లయితే సెకండరీ (స్పీకర్ వైపు చుట్టు) 100. ప్రైమరీకి సన్నని 38 గేజి, సెకండరీకి లావు 24 గేజి తీగ. ప్రైమరీని సగం చుట్టి, దాని మీద సెకండరీ, ఆపైన మిగతా సగం చుట్టమని అడిగాను. పై స్వరాలు మసకబారకుండా ఉండటానికి ఇలా చేస్తారు. దానికి 150 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. వెంట్రుక లాంటి తీగను చేతి మెషీన్ మీద, పొరపొరకూ కాగితం వేస్తూ 2,550 చుట్లు తెగకుండా చుట్టడం చూస్తే ఆ 150 చాలా తక్కువ. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. హైఫై సెట్టులాగా 20 హెర్ట్జ్ దాకా దిగే పని లేదు. కాబట్టి పెద్ద ఇనుము అక్కర్లేదు, ఖరీదైన ఇనుమూ అక్కర్లేదు. ఊళ్లో చుట్టినది గిటార్‌కు సరిపోవడానికి అసలు కారణం ఇదే.

కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు వోల్టుకు అయిదు చుట్లు చాలని నా లెక్క. కాకా ఒప్పుకోలేదు. "రాత్రి మోటార్లు బందైతే ఇక్కడ 250 దాటుతది" అని అయిదున్నర చుట్టారు, వోల్టేజీ పెరిగినా ఇనుము నిండిపోకుండా. ఆయన చెప్పిందే నిజమైంది. మా ఇంట్లో ఒక రాత్రి 252 చూశాను, అప్పుడు కూడా ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగానే ఉంది. సెకండరీ 200 వోల్టులు, వాల్వుల హీటర్లకు 6.3 వోల్టులు, మధ్యలో ట్యాపింగ్‌తో. చివర్లో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టి వైండింగ్‌కూ ఇనుముకూ మధ్య లీకేజీ లేదని చూపించారు. మోటార్ల షాపు కాబట్టి మెగ్గర్ చేతిలోనే ఉంటుంది. ప్రాణం మీదికొచ్చే వోల్టేజీ ఇది, కాబట్టి ఈ పరీక్ష లేకుండా ఎవరి దగ్గరా తీసుకోకండి.

లోపాలూ చెప్పాలి. వారం అన్నది 23 రోజులైంది. ఫిబ్రవరి అది, యాసంగి వరి నీళ్లడిగే రోజులు. కాలిన మోటారు భుజాన వేసుకుని వచ్చిన రైతును నిలబెట్టి నా గిటార్ పని చేయమని అడగలేం, అడగకూడదు కూడా. అందుకని దాన్ని తప్పుగా చూడను. కానీ తీగల చివరలు అన్నీ ఎర్రవే ఇచ్చారు. 230 వోల్టుల జత, 200 వోల్టుల జత ఒకే రంగులో ఉంటే ప్రమాదం. మల్టీమీటర్‌తో వెతికి నేనే టేపు చుట్టుకున్నాను. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టలేదు. ఫీడ్‌బ్యాక్ తీగ (స్పీకర్ వైపు సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చేది) కలపగానే ఆంప్ ఈల వేసినట్టు అరిచింది. ప్రైమరీ తీగలు రెండూ తారుమారు చేస్తే ఆగింది. కొత్తవాళ్లయితే సర్క్యూటే తప్పనుకుని విప్పేస్తారు. రంగురంగుల తీగలు మీరే కొని తీసుకెళ్లి ఇవ్వండి, మొదలుకు ముడి వేయమని చెప్పండి. చేస్తారు.

ఇంకొకటి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మొదట రొద చేసింది. స్పీకర్‌లో కాదు, ఇనుములోనే. తీసుకుపోతే మాట్లాడకుండా విప్పి, బోల్టులు బిగించి, మళ్లీ వార్నిష్‌లో ముంచి, 200 వాట్ల బల్బు ముందు రాత్రంతా ఆరబెట్టారు. డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు చెవి ఆనిస్తే తప్ప వినిపించదు.

స్పీకర్‌లో వచ్చే హమ్ మాత్రం కట్టేవాళ్లే పోగొట్టుకోవాలి. ఆంప్ లోహపు చాసిస్‌కు రంధ్రాలు వేయకముందే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే కరెంటు ఇచ్చి, అవుట్‌పుట్‌దాన్ని మెల్లగా తిప్పుతూ విన్నాను. ఒక కోణంలో హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడే బిగించాను.

మొదటిసారి కరెంటు ఇచ్చింది 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి. బల్బు వెలిగి మందగించింది, అంటే షార్టు లేదు. తర్వాత నేరుగా ఇచ్చాను. ఈఎల్84 కాథోడ్ దగ్గరి 150 ఓమ్‌ల రెసిస్టర్ మీద 7 వోల్టులు, ప్లేటు మీద 255. వాల్వు తట్టుకునే 12 వాట్ల లోపలే ఉంది. షెడ్‌లో మేం 25 వేల వోల్టుల తీగ కింద పనిచేస్తాం. లైను ఆపినా సరే, ఎర్త్ రాడ్ తగిలించనిదే ఎవరూ చేయి పెట్టరు. ఆంప్‌కూ అదే పద్ధతి. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో చంపేంత కరెంటు నిలిచి ఉంటుంది. దాన్ని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ పెట్టండి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే వేలు పెట్టండి. స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ వాయించకండి, కాకా చేతి కష్టం ఒక్క నిమిషంలో కాలిపోవచ్చు.

ఇక మోత. మా దగ్గర డప్పును మంట దగ్గర కాక పెట్టాకే కొడతారు. అంతకుముందు కొట్టినా మోగుతుంది, కానీ పలకదు. ఈ ఆంప్ అలా పలుకుతుంది. వాల్యూమ్ మూడు దగ్గర తీగను మునివేళ్లతో మీటితే ప్రతి స్వరం విడివిడిగా, గుండ్రంగా వస్తుంది. ఆరు దాటాక గట్టిగా మీటితే గొంతు బొంగురుపోతుంది, మెల్లగా మీటితే మళ్లీ తేటపడుతుంది. నాబ్ ముట్టుకోనక్కర్లేదు, చేతి బరువే చాలు. నా పాత ట్రాన్సిస్టర్ ఆంప్‌లో డిస్టార్షన్ ఒక స్విచ్, ఉంటే ఉంది, లేకుంటే లేదు. చర్చిలో నెమ్మది పాటలకు ఆ తేడా వెనుక బెంచీల దాకా తెలుస్తుంది. మైకు పెట్టాల్సి వస్తుంది, 5 వాట్లు హాలుకు చాలవు. మా నాన్న విని, రేడియో గొంతే ఉందన్నారు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అదనపు 150తో కలిపి 1,100, కరెంటుదానికి 1,600 ఇచ్చాను. రాగి ధరను బట్టి మారుతుంది. చుట్ల లెక్క, గేజి, వోల్టేజీలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. పొద్దున పదకొండు లోపు వెళితే కాకా తీరిగ్గా మాట్లాడతారు. ఫోనులో ఆర్డర్లు తీసుకోరు.

పోయిన వారం రెండో జత ఇచ్చి వచ్చాను, ఈసారి 6వీ6 వాల్వుకు. చుట్ల లెక్కను ఆయన తన నోటుబుక్కులో, నా ఈఎల్84 లెక్క ఉన్న పేజీ పక్కనే రాసుకున్నారు. యాసంగి మోటార్లు రాకముందే ఇస్తానన్నారు. రంగు తీగలు ఈసారి నేనే ఇచ్చాను.