ఫెట్ సిమ్యులేషన్లు: క్లాసులో చాలాకాలం వాడాక

ఫెట్ (PhET) సిమ్యులేషన్లంటే సైన్స్ ప్రయోగాలను కంప్యూటర్ తెర మీద చేసి చూసే వెబ్ ప్రోగ్రాములు. వాటిలో నేను ఎక్కువగా వాడింది డీసీ సర్క్యూట్ కిట్, అంటే బ్యాటరీ, బల్బులు, తీగలు తెర మీదే కలిపి చూసేది. హైస్కూల్లో విద్యుత్తు పాఠం చెప్పేవాళ్లందరికీ తెలిసిన చిక్కే: బల్బు కొంత కరెంటు తినేస్తుందని, దాని తర్వాతి తీగలో తక్కువే మిగులుతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. బోర్డు మీద ఎన్ని బాణాలు గీసినా ఆ నమ్మకం కదలదు. తెర మీద బల్బుకు అటూ ఇటూ ఎలక్ట్రాన్లు ఒకే తీరున సాగడం చూసి, రెండు చోట్లా అమ్మీటర్ పెట్టి ఒకే రీడింగ్ చదివాక మాత్రం వాదన ఆగుతుంది. రెండో బల్బును శ్రేణిలో కలిపితే ఏమవుతుందో ముందు నోట్‌బుక్‌లో రాయించి, ఆ తర్వాతే స్విచ్ వేయిస్తాను. లేకపోతే అదంతా వీడియో గేమే. తీగతో బ్యాటరీ రెండు కొసలూ నేరుగా కలిపితే తెర మీద మంటలొస్తాయి. పిల్లలు అది కనిపెట్టాక కాసేపు పాఠం సాగదు, వదిలేయడమే మేలు.

కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో 2002లో ఫెట్‌ను మొదలుపెట్టిన కార్ల్ వీమన్‌కు అంతకు ముందు ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వెబ్‌లో అన్నీ ఉచితమే. జావా, ఫ్లాష్ లాంటి అదనపు సాఫ్ట్‌వేర్ కావాల్సిన రోజుల తలనొప్పి, బ్రౌజర్‌లోనే నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5తో తీరింది. ఫైలు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.

సర్క్యూట్ కిట్‌లో నాకు నచ్చనిది దాని అతి శుభ్రత. బ్యాటరీ అంతర్నిరోధం (బ్యాటరీ లోపలే కరెంటుకు ఉండే అడ్డు) మొదట సున్నా దగ్గర ఉంటుంది కాబట్టి సమాంతరంగా బల్బులు కలుపుతూ పోయినా వెలుగు తగ్గదు. నిజం సెల్లుతో చేస్తే తగ్గుతుంది. అప్పుడు పిల్లలు సెల్లుదే తప్పంటారు! అందుకే ఆ నిరోధం స్లైడర్ జరిపి మళ్లీ చూపించాలి. ఇంకోటి, రాగి తీగలో ఎలక్ట్రాన్లు సాధారణంగా సెకనుకు మిల్లీమీటరు కూడా ముందుకు జరగవు. తెర మీద చూస్తే పరుగు పెడుతున్నట్టుంటాయి. ఈ సంగతి టీచరే నోరు తెరిచి చెప్పాలి. ఇక లూజ్ కాంటాక్ట్ వెతికి పట్టుకోవడం చేత్తో చేస్తేనే వస్తుంది.

రసాయన సమీకరణాలను తుల్యం చేసే గేమ్ నాకు అంతగా పనికిరాలేదు. పిల్లలు పరమాణువులు లెక్కపెట్టకుండా అంకెలు మారుస్తూ పోతారు. ద్రవాల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ స్కేల్ సిమ్యులేషన్ ఫరవాలేదు. సర్క్యూట్ కిట్ మాత్రం ఏటా తీస్తాను. కానీ ముందు నిజం సెల్లు, బల్బు, తీగలు చేతికిచ్చి, వాళ్లు తమలో తాము వాదించుకోవడం మొదలయ్యాకే ప్రొజెక్టర్ వేస్తాను.