జీపీడీ పాకెట్ 3: పేరుకే పాకెట్, పని మాత్రం వేరే

ముందే చెప్పేస్తున్నా, ఈ చిన్న విండోస్ ల్యాప్‌టాప్ పాకెట్‌లో పట్టదు. 198 మిల్లీమీటర్ల పొడవు, 137 వెడల్పు, 20 మందం, 725 గ్రాముల బరువు. ఇంత వస్తువుని జీన్స్ జేబులో కుక్కుకుని ఎవరూ బస్సెక్కలేరు. డాక్టర్ల తెల్లకోటు జేబులోనో, చలికి వేసుకునే పెద్ద జాకెట్‌లోనో పడుతుందేమో. చైనాలోని షెన్‌జెన్‌కి చెందిన జీపీడీ కంపెనీ 2021 చివర్లో ఇండీగోగో అనే సైట్‌లో జనం దగ్గర ముందే డబ్బు తీసుకుని దీన్ని తయారుచేసింది. ఇన్నాళ్లకి రివ్యూ ఎందుకంటే, అదే కంపెనీ 2025లో తెచ్చిన మైక్రోపీసీ 2 కూడా ఇదే తిరిగే స్క్రీన్ పద్ధతిలో వచ్చింది. రెంటిలో ఏది కొనాలన్నా ముందు ఈ తిరిగే స్క్రీన్ సంగతి తెలియాలి.

నేను వాడింది మా తమ్ముడి దగ్గరున్నది, కోర్ ఐ7-1195జీ7, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ మోడల్. వాడు హైదరాబాద్‌లో సర్వర్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు, నాదేమో రాసుకునే పని. ఒకే మెషీన్ వాడికి ప్రాణం, నాకు తలనొప్పి.

స్క్రీన్ సంగతికొద్దాం. చిన్న ల్యాప్‌టాప్‌ని ట్యాబ్లెట్‌లా మార్చడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి లెనోవో యోగాల్లోలా మొత్తం 360 డిగ్రీలు వెనక్కి మడవడం, వన్‌మిక్స్ వాళ్లు తమ చిన్న మెషీన్లకి ఇదే ఎంచుకున్నారు. రెండోది మధ్యలో ఒకే హింజ్ (మడతబందు) పెట్టి, స్క్రీన్‌ని గిర్రున 180 డిగ్రీలు తిప్పి, మొహం పైకి ఉండేలా కీబోర్డు మీద పడుకోబెట్టడం. పాకెట్ 3 ఈ రెండో రకం. వెనక్కి మడిస్తే కీబోర్డు కిందికి వెళ్తుంది, పట్టుకున్న వేళ్లు కీల మీదే పడతాయి, అవి పనిచెయ్యకుండా ఆపేసినా చేతికి చిరాగ్గానే ఉంటుంది, టేబుల్ మీద పెడితే కీలే దానికి రాసుకుంటాయి. తిరిగే స్క్రీన్‌తో ఆ బాధ లేదు, కీబోర్డు లోపల భద్రంగా ఉంటుంది, ఎదురుగా కూర్చున్న మనిషికి ఏదైనా చూపించాలంటే మెషీన్ కదపకుండా స్క్రీన్ ఒక్కటే వాళ్ల వైపు తిప్పొచ్చు. కానీ స్క్రీన్ బరువంతా మధ్యలో ఉన్న ఆ ఒక్క హింజే మొయ్యాలి, అందులోంచే వైర్లు కూడా వెళ్లాలి. ల్యాప్‌టాప్‌గా తెరిచి పెట్టి వేలితో అంచు దగ్గర తాకితే తెర ఊగడం ఇలాంటి డిజైన్‌లో మామూలే, పడుకోబెడితే సరిపోతుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కూడా కాదు. 2007లో ఫుజిట్సు యూ810 అని 5.6 అంగుళాల తెరతో సరిగ్గా ఇలాగే తిరిగేది ఒకటి తెచ్చింది, బరువు అటూ ఇటుగా 700 గ్రాములే. అందులో 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేది, దాని మీద విండోస్ విస్టా! ప్రాసెసర్లు ఎక్కడికో వెళ్లిపోయాయి, బరువు మాత్రం అక్కడే ఉంది, ఎందుకంటే ఫ్యాన్, బ్యాటరీ, కీబోర్డు, పోర్టులు అన్నీ కావాలంటే ఆ మాత్రం అవుతుంది. అందుకే ట్యాబ్లెట్‌గా పాకెట్ 3 జోలికి పోకపోవడం మేలు. 2021లోనే వచ్చిన ఐప్యాడ్ మినీ 293 గ్రాములు, తెర దీనికంటే కాస్త పెద్దదే. పాకెట్ 3 పెన్ను ఒత్తిడిని 4096 స్థాయిల్లో గుర్తిస్తుంది, బొమ్మలు వేసేవాళ్లు అది చూసి ఆశపడతారు గానీ, ముప్పావు కిలోని ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో ఎంతసేపు గీస్తారు? సంతకాలకీ పీడీఎఫ్‌ల మీద గీతలకీ అయితే బాగుంది.

ఇప్పుడు నా తలనొప్పి. కీబోర్డు. 198 మిల్లీమీటర్ల ఒంట్లో మామూలు కీబోర్డు పట్టదు, ఎక్కడో కోత పడాలి. అక్షరాల కీలని కాస్త పెద్దగా ఉంచి, కుడి చివర ఉండే సెమికోలన్, కొటేషన్, బ్రాకెట్ లాంటివాటిని ఇరికించడమో వేరే చోటికి నెట్టడమో ఈ సైజు మెషీన్లు చాలావాటిలో చేసే పనే. ఇంగ్లిష్ రాసేవాడికి పెద్దగా నష్టం లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కోసం చేసిన కీబోర్డు అమరికలో) తెలుగు కొట్టేవాళ్ల పరిస్థితి చూడండి: సెమికోలన్ దగ్గర చ, కొటేషన్ దగ్గర ట, ఎడమ బ్రాకెట్ దగ్గర డ. ఇడ్లీ, చట్నీ అని రాయడానికి ఆ మూడూ కావాలి! చూడకుండా కొట్టే అలవాటున్నవాళ్ల చిటికెన వేలు ప్రతి వాక్యంలో తడుముకుంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసేవాళ్లకి ఈ గొడవ అంతగా ఉండదు.

మౌస్ కూడా అంతే. టచ్‌ప్యాడ్ కీబోర్డుకి పైన కుడివైపు, క్లిక్ బటన్లు ఎడమవైపు. టేబుల్ మీద పెట్టుకుంటే ఇదేం పిచ్చి అనిపిస్తుంది. నిలబడి రెండు చేతుల్తో పట్టుకోండి, రెండు బొటనవేళ్లు సరిగ్గా అక్కడికే వస్తాయి. కూర్చుని పని చేసేవాళ్లని దృష్టిలో పెట్టుకుని దీన్ని తయారుచెయ్యలేదని నాకు అప్పుడే అర్థమైంది. మణికట్టు ఆన్చడానికి ముందు వైపు చోటు లేకపోవడానికీ కారణం అదే.

తెర బాగుంటుంది, 8 అంగుళాల్లో 1920 బై 1200. కానీ విండోస్‌లో 100 శాతం స్కేల్ పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి, 200 పెడితే 960 బై 600 తెరంత చోటే మిగులుతుంది, సగం సెట్టింగుల కిటికీల్లో ఓకే బటన్ తెర కిందికి పోతుంది. 150 దగ్గర రాజీ పడండి. ఇంకో విచిత్రం, ఈ ప్యానెల్ అసలు నిలువుది. ట్యాబ్లెట్ల కోసం చేసే ప్యానెల్స్ నిలువుగానే ఉంటాయి, చిన్న కంపెనీలకి సులువుగా దొరికేవి అవే. విండోస్ దాన్ని తిప్పి చూపిస్తుంది. లినక్స్ వేస్తే బూట్ మెనూ పక్కకి పడుకుని కనిపిస్తుంది, కర్నెల్‌కి (లినక్స్ అసలు గుండెకాయకి) తెర దిక్కు చెప్పే లైన్ ఒకటి జోడించాల్సి రావచ్చు. మెడ వాల్చి చదివే ఓపిక ఉంటే అదీ అక్కర్లేదనుకోండి.

బ్యాటరీ 38.5 వాట్ అవర్లు. ఈ ప్రాసెసర్‌ని ఇంటెల్ 12 నుంచి 28 వాట్ల మధ్య నడిచేలా చేసింది. మెషీన్ మొత్తం కలిపి 20 వాట్లు లాగిందంటే లెక్కప్రకారమే రెండు గంటలు రాదు. బ్రౌజర్, నోట్స్ వరకైతే పర్లేదు. ర్యామ్ బోర్డుకి అతికించే వస్తుంది కాబట్టి తర్వాత పెంచుకోవడం కుదరదు, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు.

మరి మా తమ్ముడికి ఎందుకంత ప్రేమ అంటే, పోర్టులు చూడాలి. ఇంత చిన్నదానికి 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు, పూర్తి సైజు హెచ్‌డీఎంఐ, థండర్‌బోల్ట్ 4, మామూలు యూఎస్‌బీలు ఉన్నాయి. వీటన్నిటినీ మించి విప్పి మార్చుకునే మాడ్యూల్ ఒకటుంది. ఆర్ఎస్-232 (పాతకాలం సీరియల్ పోర్టు) మాడ్యూల్ పెడితే స్విచ్ కన్సోల్‌లోకో, ఫ్యాక్టరీలో పాత మెషీన్‌లోకో నేరుగా దూరిపోవచ్చు. కేవీఎం మాడ్యూల్ పెడితే ఇంకా బాగుంటుంది, మానిటర్, కీబోర్డు లేకుండా ర్యాక్‌లో మొండికేసి కూర్చున్న సర్వర్‌కి ఇదే తెర, ఇదే కీబోర్డు అయిపోతుంది. సర్వర్ రూమ్‌లో ట్రాలీ మీద మానిటర్ తోసుకుంటూ తిరిగిన వాళ్లకి దీని విలువ తెలుస్తుంది. అక్కడ నిలబడే పని చెయ్యాలి కాబట్టి, నాకు పిచ్చిగా తోచిన టచ్‌ప్యాడ్ చోటు వాడికి సరిగ్గా కుదిరింది.

కాలేజీ పిల్లలకి, రాతగాళ్లకి నేనైతే వద్దంటాను. 13 అంగుళాల మాక్‌బుక్ ఎయిర్ దాదాపు 1.24 కిలోలు, అరకిలో ఎక్కువ మోస్తే పూర్తి కీబోర్డు వస్తుంది, ఫ్యాన్ మోత ఉండదు. ర్యాక్‌ల మధ్య తిరిగే ఉద్యోగమైతే తీసుకోండి, కాకపోతే మాడ్యూల్ స్లాట్ ఒక్కటే ఉంటుంది, సీరియల్, కేవీఎం రెండూ ఒకేసారి పెట్టలేరు, మీకు రోజూ ఏది కావాలో చూసుకుని దానితో కలిపి ఆర్డర్ పెట్టండి.