పాత డబుల్ బారెల్ కొనబోయేవారికి: ముందు మూతి చూడండి

లక్షా ముప్పై అయిదు వేలు పోసి నేను కొన్నది ఇంగ్లండు తుపాకీ కాదు. ఇంగ్లండు తుపాకీని ఎవరో కోసేయగా మిగిలిన ముక్క. ఆ సంగతి తెలియడానికి నాకు ఏడు నెలలు పట్టింది. గుర్తుగా కుడి చెంప మీద చిన్న మచ్చ ఉండిపోయింది. నల్లగొండ, పాలమూరు తోటల్లో కాపురముంటూ, లైసెన్సు చేతికి రాగానే ఉత్సాహంగా హైదరాబాదు బస్సెక్కేవారు ఇంకా ఉన్నారని తెలుసు కాబట్టి రాస్తున్నాను. అడ్వాన్సు ఇచ్చే ముందు చదవండి.

మాది దేవరకొండ దాటి చందంపేట వైపు. ఏడెకరాల బత్తాయి తోట, దాన్ని ఆనుకుని నాలుగెకరాల వేరుశనగ. ఇల్లు తోటలోనే ఉంది. ఊరు రెండు కిలోమీటర్లు. రాత్రిళ్లు అడవిపందులు వేరుశనగ చేను దున్నేసినట్టు తవ్విపోతాయి, మనుషులేమో బోరు మోటారు కేబుళ్లు కోసుకుపోతారు. నాన్న దగ్గర మందు కూరే నాటు తుపాకీ ఉండేది. ఆయన పోయాక దాన్ని స్టేషన్లో అప్పగించాం. నా పేరున లైసెన్సు రావడానికి ఏడాదిన్నర పట్టింది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉండేవారికి కొత్త లైసెన్సు ఇవ్వాలంటే అటవీశాఖ సమ్మతి ముందుగా కావాలని వన్యప్రాణి చట్టం చెబుతోంది. మా పక్కనే అమ్రాబాద్ అడవి. ఆ ఫైలు తిరిగిన చోట్లన్నీ నేనూ తిరిగాను. అంత తిరిగినవాడికి దుకాణంలో అరగంట ఓపిక లేకపోయింది చూడండి, అక్కడే దెబ్బతిన్నాను.

2023 ఆగస్టులో దుకాణానికి వెళ్లాను. పేరు చెప్పను, ఫిర్యాదు విచారణలో ఉంది. కొత్త తుపాకులు గోడకు వరుసగా ఉన్నాయి. వాటిని చూడనివ్వకుండానే యజమాని లోపలినుంచి ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన డబుల్ బారెల్ తెచ్చాడు. రెండు పక్కలా తీగలు, పువ్వులు, మధ్యలో వంకర అక్షరాల్లో ఒక ఇంగ్లండు కంపెనీ పేరు. "దొరల కాలం నాటిది సార్. ఇప్పుడు ఇలాంటివి దొరకవు" అన్నాడు. అందులో సగం నిజమే. మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి 1980ల మధ్యలోనే మూసుకుపోయింది. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతుంటాయి. అందుకే ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైన కొత్త దానికి లేని మోజు, ఎవరి తాతదో తెలియని పాతదానికి ఉంటుంది. ఆ మోజే నన్ను ముంచింది.

"గొట్టం పొట్టిగా ఉందేమిటి?" అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను, జవాబు నమ్మినందుకు తిట్టుకుంటాను. "ఇంటి రక్షణకు అదే సౌకర్యం సార్, గదిలో అటూ ఇటూ తిప్పుకోవచ్చు" అన్నాడు. తరవాత తుపాకీని కీలు దగ్గర మడిచి తెరిచి, గొట్టాలను ట్యూబ్‌లైటు వైపు పట్టి చూపించాడు. లోపల అద్దంలా ఉంది. నేను పడిపోయాను.

అద్దంలాంటి గొట్టం చూసి ఎవరూ పడిపోకండి. పాత తుపాకీ లోపల తుప్పు తిన్న గుంటలు ఉంటే వాటిని అరగదీసి మెరుగుపెడతారు. గుంటలు పోతాయి, వాటితోపాటు గొట్టం మందమూ పోతుంది. తూటా పేలినప్పుడు ఒత్తిడి ఆపాల్సింది ఆ మందమే. మందం కొలిచే పరికరం మంచి తుపాకీ మిస్త్రీల దగ్గర ఉంటుంది. కంటికి అది తెలియదు.

కొన్నాను. లైసెన్సులో నంబరు ఎక్కింది. తుపాకీ చొక్కా కాదు, సైజు సరిపోలేదని మర్నాడు పట్టుకెళ్లి మార్చుకోవడానికి. ఒకసారి లైసెన్సులో ఎక్కితే దాన్ని వదిలించుకోవడానికి మళ్లీ దరఖాస్తులు, అనుమతులు. ఇంతలో అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. అందరిలాగే నేనూ తుపాకీని డిపాజిట్ చేసి డిసెంబరులో వెనక్కి తెచ్చుకున్నాను. అప్పటిదాకా ఒక్క తూటా కాల్చలేదు. ఇది నా రెండో తప్పు. ఎందుకో తరవాత చెబుతాను.

ఫిబ్రవరిలో మా బావతో కలిసి షూటింగ్ రేంజికి వెళ్లాను. ఆయన పాత క్రీడాకారుడు, నాకు నేర్పిస్తానన్నాడు. తూటాలు అదే దుకాణంలో కొన్నవే, పుణె దగ్గరి ఖడ్కీ ప్రభుత్వ కర్మాగారం సరుకు. డబ్బా మీద 70 మిల్లీమీటర్లని స్పష్టంగా ఉంది. సరుకులో ఏ లోపమూ లేదు. మొదటి దెబ్బకే భుజం అదిరింది. బావ మొహం చిట్లించాడు గాని ఏమీ అనలేదు. నాలుగో తూటాకు చెంప మీద వేడి సూదులు గుచ్చినట్టయింది. వెనక అతుకు దగ్గరనుంచి వాయువు ఎగదన్నింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి కన్ను మిగిలింది. కాల్చిన తూటా డొల్ల బయటికి రాలేదు, కర్రతో తోసి తీయాల్సి వచ్చింది. బావ నా చేతిలోంచి తుపాకీ లాక్కుని, "దీన్ని ఇంక ముట్టుకోకు" అన్నాడు.

ఆయనే పాతబస్తీలో లైసెన్సున్న ఒక పెద్ద మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ పెద్దమనిషి చెక్కిన పువ్వుల వంక చూడనే లేదు. గొట్టాల మూతి తనవైపు తిప్పుకుని చూసి నవ్వాడు. "సాబ్, ఇది ఎవరో కోసేశారు" అన్నాడు.

ఎలా తెలిసిందంటే, డబుల్ బారెల్‌లో రెండు గొట్టాలు సమాంతరంగా ఉండవు. వెనక కాస్త ఎడంగా మొదలై ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. మూతి దగ్గర ఒకదానికొకటి దాదాపు ఆనుకుంటాయి. ముందు భాగం కోసేస్తే మూతి దగ్గర మధ్యలో సందు కనబడుతుంది. ఆ సందులో టంకం పోసి నల్లరంగు పూస్తారు. నా తుపాకీలో వేలిగోరు పట్టేంత వెడల్పున టంకం ఉంది. డిపాజిట్లో ఉన్న రోజులు పోను మిగతా నెలలన్నీ ఇంట్లో పెట్టుకుని రోజూ తుడిచాను, నాకు కనబడలేదు. పొడవు 24 అంగుళాలు. పుట్టినప్పుడు 28 అయినా, 30 అయినా ఉండి ఉంటుందన్నాడు.

పొడవు తగ్గితే ఏమవుతుందని అనుకోవద్దు. గొట్టం చివరి రెండు మూడు అంగుళాల్లో కొద్దిగా బిగువు ఉంటుంది, దాన్ని చోక్ అంటారు. సీసపు గుళ్లను చెదరకుండా కూర్చి పంపేది అదే. పూర్తి చోక్ ఉన్న గొట్టం 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలోకి సుమారు 70 శాతం గుళ్లు వేస్తుంది. చోక్ లేనిది 40 శాతం వేస్తుంది. కోసినవాడు చోక్‌ను కూడా కోసేశాడు. పైగా అనుమతి లేకుండా గొట్టం కురచ చేయడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కోసింది నేను కాకపోయినా లైసెన్సులో ఉన్నది నా పేరే కదా. మిస్త్రీ రాసిచ్చిన కాగితం జతచేసి కలెక్టరు కార్యాలయానికి ఉత్తరం పెట్టి రసీదు తీసుకున్నాకే నాకు నిద్రపట్టింది.

ఇక చెంప సంగతి. మిస్త్రీ గొట్టాలు ఊడదీసి కింది వైపు ముద్రలు చూపించాడు. కిరీటం గుర్తులు, వాటి పక్కన రెండున్నర అంగుళాలని ఉంది. అంటే తూటా కూర్చునే అర 65 మిల్లీమీటర్లు. నాకు అంటగట్టినవి 70వి. అయిదు మిల్లీమీటర్లు ఎక్కువైతే లోపలికే పోవు కదా అని నేనూ అనుకున్నాను. పోతాయి, చక్కగా పోతాయి. డబ్బా మీద రాసే పొడవు తూటా పేలి మూతి విచ్చుకున్న తరవాతిది. మడతపెట్టి ఉన్నప్పుడు అది అరవైకి అటూ ఇటూ ఉంటుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు లేక ముందున్న ఇరుకులోకి దూరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. దానికి తోడు కీలు అరిగి గొట్టాలకూ వెనక పలకకూ మధ్య సందు వచ్చింది. పల్చటి కాగితం ముక్క ఆ సందులో పెట్టి తుపాకీ మూసి చూపించాడు, లాగితే వచ్చేసింది. బిగుతుగా ఉన్న తుపాకీలో రాకూడదు.

ఇంకో పరీక్ష నాకు బాగా నచ్చింది. గొట్టాల కింద ఉండే ముందుచెక్క తీసేసి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మూసి, వెనకచెక్క మెడ దగ్గర పట్టుకుని మెల్లగా ఊపాలి. కటకటమంటే కీలు పోయినట్టే. ముందుచెక్క ఉంటే ఆ వదులు తెలియనివ్వదు. దుకాణంలో ఎప్పుడూ అది బిగించే ఇస్తారు. గొట్టాలను విడిగా వేలాడదీసి గోటితో కొడితే గంటలా మోగాలి. నావి పగిలిన కుండలా పలికాయి. రెండు గొట్టాలను కలిపే మధ్య పట్టీ అతుకు ఊడిందన్నమాట.

దుకాణానికి తిరిగి వెళితే యజమాని తాపీగా, "ఎన్నికలకు డిపాజిట్ చేశారు కదా సార్, అక్కడ ఎవరో పాడుచేసి ఉంటారు" అన్నాడు. కొన్న వారంలోనే కాల్చి చూసి ఉంటే ఈ మాట అనగలిగేవాడు కాదు. బిల్లు తీసి చూసుకుంటే "12 బోర్ డి.బి.బి.ఎల్., పాతది" (అంటే వెనకనుంచి తూటా పెట్టే డబుల్ బారెల్) అని, కింద నంబరు, అంతే. గొట్టం పొడవు లేదు, అర పొడవు లేదు, కంపెనీ పేరు కూడా లేదు. నోటితో ఇంగ్లండు, కాగితం మీద అనాథ. మీరు కొంటే ఈ మూడూ బిల్లులో రాయించండి. రాయనంటే ఆ మాటతోనే బయటికి వచ్చేయండి. మూతి, ముద్రలు, రెండు గొట్టాల లోపలి భాగం ఫోనులో ఫొటోలు తీసుకోండి. డిపాజిట్ చేసే ప్రతిసారీ మళ్లీ తీయండి. 2024 మార్చిలో లోక్‌సభ కోడ్ వచ్చినప్పుడు నేను ఇరవై మూడు ఫొటోలు తీశాను. అక్కడి కానిస్టేబుల్ నన్ను చూసి పెళ్లి ఫొటోగ్రాఫర్ని చూసినట్టు చూశాడు.

దుకాణంలో విన్న మరి రెండు మాటల గురించి కూడా చెప్పాలి. మొదటిది, "ఇంట్లో గురి అక్కరలేదు సార్, గుళ్లు గదంతా పరుచుకుంటాయి." పరుచుకోవు. నాలుగైదు మీటర్ల దూరంలో గుళ్లు మహా అయితే అరచేయంత మేర పడతాయి. గురి తప్పితే తప్పినట్టే. ఆయన సిఫారసు చేసిన ఎల్.జి. తూటాల్లో ఉండేవి పెద్ద గుళ్లు. తలుపు చెక్కనూ సిమెంటు రేకునూ దాటి పోతాయి. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో తోట పనివాళ్లు పిల్లలతో పడుకుంటారు. ఆ ఆలోచన వచ్చాక ఎల్.జి. డబ్బా ఇంట్లో ఉంచలేదు. పైగా కేబుల్ కోస్తున్న దొంగను కాల్చే హక్కు చట్టం ఎవరికీ ఇవ్వలేదు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు ఉంది గాని, ప్రాణం తీసేంత వరకు పోవాలంటే దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, ప్రాణభయం కలిగించే దాడి వంటి సందర్భాలే. అప్పుడు కూడా అవసరానికి మించి వెళ్లకూడదు.

రెండోది, "అమ్రాబాద్ పక్కనే కదా సార్, కుందేలో దుప్పో కొట్టుకోవచ్చు." ఈ మాట ఎవరన్నా ఆ దుకాణం మెట్లు దిగేయండి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక దేశంలో ఇష్టమొచ్చినట్టు వేటాడటానికి వీల్లేదు. దుప్పి, కృష్ణజింక, నెమలి మీద చేయివేస్తే జైలే. నారాయణపేట వైపు కృష్ణజింకలు పంట మేస్తున్నా రైతులు అదిలించుకుంటున్నారే గాని కాల్చడం లేదు, కాల్చకూడదు కూడా. అడవిపందికి సైతం అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇచ్చారంటే కాల్చడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. నిజం చెప్పాలంటే మా వేరుశనగను కాపాడింది తుపాకీ కాదు, తరవాత వేయించిన సోలార్ కంచె. కరెంటు తీగను నేరుగా కంచెకు కలిపేవారు కొందరున్నారు, ఆ పని చేయకండి. పందికంటే ముందు మనిషి పోతాడు.

ప్రస్తుతం తుపాకీ మిస్త్రీ దగ్గర రసీదు మీద ఉంది. బాగుచేయాలంటే కీలుకు ఒక ఖర్చు, పట్టీకి ఒక ఖర్చు, అయినా చోక్ తిరిగి రాదన్నాడు. దుకాణదారు ఒకసారి మెత్తబడి నలభై వేలకు వెనక్కి తీసుకుంటానన్నాడు. అంటే మళ్లీ ఆకుపచ్చ గుడ్డలో చుట్టి మీలో ఒకరికి చూపిస్తాడు. అందుకే ఒప్పుకోలేదు. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేశాను. కొన్న విలువ అయిదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. రెండేళ్ల గడువులో వేయాలి. ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. మిస్త్రీ సాక్ష్యం చెప్పడానికి వస్తానన్నాడు, కాకపోతే వాయిదా శుక్రవారం పడకూడదట.