అద్దె ఫ్లాటు నిర్వహణకు ఫీజు: శాతమా, నెలకింతా?

కొండాపూర్‌లో మాకు రెండు బెడ్‌రూముల ఫ్లాటుంది. మేముండేది డాలస్‌లో. ఇన్నేళ్లలో రెండు నిర్వహణ సంస్థలకు దాన్ని అప్పగించి చూశాం. మొదటిది నెలకింతని తీసుకునేది. ఇప్పుడున్నది అద్దెలో 8 శాతం తీసుకుంటోంది. పేర్లు రాయను. ఫీజు పద్ధతి మారితే పని ఎలా మారిందో రాస్తాను.

నెలకింతని అంటే చవకగానే కనిపిస్తుంది. 32,000 అద్దెలో 8 శాతం 2,560 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 3,021. మొదటివాళ్లకు జీఎస్టీ కలిపి 2,360 కట్టేవాళ్లం. అయితే ఫ్లాటు ఖాళీగా ఉన్నా ఆ 2,360 ఆగేది కాదు. ఎవరు దిగినా దిగకపోయినా డబ్బులొస్తుంటే కొత్తవాళ్లను వెతికే తొందర ఎవరికుంటుంది? ఎప్పుడు ఫోన్ చేసినా "ఈ వారంలో ఇద్దరు చూడ్డానికొస్తున్నారు సార్" అనేవారు. ఇప్పటివాళ్లు పాతవాళ్లు నోటీసిచ్చిన వారంలోనే ఫొటోలు పెట్టేస్తున్నారు. శాతం లెక్కకు ఒప్పుకునేటప్పుడు అది చేతికందిన అద్దె మీదే అని రాయించుకోండి. రావాల్సిన అద్దె మీద అని ఉంటే బకాయిలు పడ్డ నెలలో కూడా ఫీజు పోతుంది.

శాతం పద్ధతిలో లోటు లేకపోలేదు. ఖాళీ నెలల్లో ఫ్లాటు తలుపు తీసేవాళ్లుండరు. వానాకాలంలో బాత్రూమ్ గోడ చెమ్మ పట్టి ఉబ్బిపోయాక మాకది తెలిసింది. ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి వీడియో తీసి పంపితే ఒక్కోసారికి 500 ఇస్తున్నాం. న్యాయమైన ఖర్చే.

అసలు బరువు నెలవారీ ఫీజులో లేదు, కొత్త అద్దెదారును తెచ్చినందుకు అడిగే ఒక నెల అద్దెలో ఉంది. మన దగ్గర అగ్రిమెంట్లు 11 నెలలకే కదా. 32,000ను 11 నెలలకు పంచితే నెలకు 2,900 పైమాటే, అంటే జీఎస్టీ కలపని నెలవారీ ఫీజు 2,560 కన్నా ఎక్కువ. ఏటా మనుషులు మారుతుంటే తడిసి మోపెడవుతుంది. పైగా ఉన్నవాళ్లను నిలబెట్టుకోవడం కన్నా మార్చడమే సంస్థకు లాభమయ్యే పద్ధతి నాకు అసలు నచ్చదు. మేం బేరమాడి సగం నెల అద్దెకు దింపాం. రెన్యువల్‌కు 2,000. గడువులోపే ఎవరైనా ఖాళీ చేస్తే మళ్లీ ఫీజు లేకుండా కొత్తవాళ్లను చూడాలి.

రిపేర్ల మీద 10 శాతం వేసుకుంటారు. ప్లంబర్ ఇచ్చిన అసలు బిల్లు ఫొటో పంపుతున్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. మొదటి సంస్థ బిల్లు చూపేది కాదు, గీజర్ ఎలిమెంట్ మార్పించినా మొత్తం అంకె మాత్రమే వచ్చేది.

యజమాని ఎన్నారై అయితే టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) సంగతి ముందే అడగాలి. నెలకు 50,000 దాటితేనే అన్న పరిమితి మనకు వర్తించదు. సాధారణంగా అద్దెదారు 31.2 శాతం పట్టుకుని కట్టాలి. 32,000లో 9,984 అటు పోతే ఖాతాలో పడేది 22,016. మా సంస్థ అద్దెదారుకు ట్యాన్ (టీడీఎస్ కట్టడానికి కావాల్సిన నంబరు) తీయించి, మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్న్ తమ ఆడిటర్‌తో వేయిస్తోంది. దానికి ఏడాదికి 6,000 విడిగా ఇస్తున్నాం. అద్దెదారుకు ఈ తలనొప్పి లేకపోవడం వల్లే ఇప్పుడున్న కుటుంబం రెండోసారి అగ్రిమెంట్ రాసుకుంది.

ఊళ్లో అన్నదమ్ములో, నమ్మకమైన వాచ్‌మనో ఉన్నవాళ్లకు ఈ ఖర్చు అక్కర్లేదు. మాలా ఎవరూ లేనివాళ్లకు 8 శాతం ఎక్కువేమీ కాదు. ఇప్పటి సంస్థకు ఐదుకు నాలుగిస్తాను. పెయింటింగ్ డబ్బులు అడ్వాన్సులోంచి ఎంత పట్టుకోవాలో ఒప్పందంలో ఇంకా రాయనందుకు ఒకటి తగ్గించాను.